అమ్మినవారి మొర ఆలకించేదెవరు?

న్యూఢిల్లీ: వినియోగదారుడే ప్రభువు అన్న మాట దేశ రాజధానిలో మంత్రుల ప్రసంగాలలోనూ, బ్యాంకుల ప్రకటనలలోనూ, పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలలోనూ ఒకే శ్రుతిలో వినిపిస్తున్నది. ఆక్షేపించవలసిన మాట కాదది. కల్తీ సరుకును, తప్పుడు తూకాన్ని, పెడసరి సమాధానాన్ని తరతరాలుగా భరించిన కొనుగోలుదారుకు 1986లో ఒక ప్రత్యేక చట్టం అండగా నిలిచింది. 2019లో దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. అయితే కొన్నవాడొకడుంటే అమ్మినవాడొకడు ఉండక తప్పదు. ఆ అమ్మినవాడు పెద్ద కంపెనీ కాక, చీరాలలోనో పోచంపల్లిలోనో రెండు మగ్గాల మీద నేసిన చీరలను చేతిలోని ఫోను సాయంతో దేశమంతటా అమ్ముకొనే కుటుంబమైతే? కొనుగోలుదారుకూ వారికీ తగవు వచ్చిన నాడు వారి మాట వినే చోటు ఏది? ఈ ప్రశ్నకు రాజధానిలోని ఏ భవనంలోనూ తిన్నని సమాధానం దొరకడం లేదు.

ఈ తగవును బ్యాంకుల పరిభాషలో చార్జ్‌బ్యాక్ అంటారు. పేరు కొత్తదే గాని విషయం అర్థం కానిది కాదు. కొనుగోలుదారు కార్డు మీద ధర చెల్లిస్తాడు. సరుకు బయలుదేరుతుంది. కొన్ని రోజులకో, కొన్ని నెలలకో అతడు తన బ్యాంకును ఆశ్రయించి, ‘ఈ చెల్లింపు నేను చేయలేదు’ అనో, ‘సరుకు నాకు అందలేదు’ అనో, ‘అందింది గాని చెప్పినట్టు లేదు’ అనో ఫిర్యాదు చేస్తాడు. ఆ ఫిర్యాదు కార్డు సంస్థ ద్వారా అమ్మకందారు తరఫు బ్యాంకుకు, అక్కడినుంచి చెల్లింపుల మధ్యవర్తి సంస్థకు చేరుతుంది. మధ్యవర్తి సంస్థ అమ్మకందారుకు జమ కావలసిన సొమ్ములోనుంచి ఆ మొత్తాన్ని పట్టి ఉంచి, ఒక ఈమెయిలు పంపుతుంది. ఫలానా తేదీలోగా ఆధారాలు పంపని పక్షంలో సొమ్ము వెనక్కి పోయినట్టేనని దాని సారాంశం. ఆధారాలు పంపినా, వాటిని మొదట పరిశీలించేది ఫిర్యాదు పుచ్చుకొన్న బ్యాంకే. అక్కడ తేలకపోతే కార్డు సంస్థ మధ్యవర్తిత్వం కోరవచ్చు. కాని ఓడిన పక్షం కట్టవలసిన రుసుము చిన్న వ్యాపారి వివాదపడిన సొమ్మును మించిపోవడం కద్దు. అయిదు వేల రూపాయల కోసం అంతకు కొన్ని రెట్లు పణం పెట్టే సాహసం ఎవరు చేస్తారు?

లెక్క చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఉదాహరణకు, అయిదు వేల రూపాయల చీరలో నూలు, రంగు, కూలి కలిసి 4,400 రూపాయలు పోగా 600 రూపాయలు మిగిలిందనుకొందాం. తగవు కొనుగోలుదారు పక్షాన తేలితే ధర పోతుంది. చీర తిరిగి రాదు. కొరియర్ ఖర్చు, మధ్యవర్తి సంస్థ రుసుము వాటికి అదనం. ఆ ఒక్క చీర నష్టాన్ని పూడ్చుకోవడానికి మరో ఎనిమిది చీరలు అమ్మవలసి ఉంటుంది. పెద్ద సంస్థ ఇటువంటి నష్టాన్ని ఏడాది చివర ఒక పద్దుగా రాసుకొని సరిపెట్టుకొంటుంది. నేతగాని ఇంట్లో అది వచ్చే నెల నూలు కొనుగోలును ఆపివేస్తుంది.

అమెరికాలో పుట్టిన హక్కు

ఈ ఏర్పాటు మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1974లో ఆ దేశపు కాంగ్రెస్ ఆమోదించిన ఒక చట్టం, క్రెడిట్ కార్డు బిల్లులో పొరపాటు ఉన్నా, ఒప్పుకొన్న విధంగా సరుకు అందకపోయినా, బిల్లు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే హక్కును ఖాతాదారుకు ఇచ్చింది. నాటి పరిస్థితులలో అది ఎంతైనా అవసరమైన చట్టమే. ఆ తరువాత అంతర్జాతీయ కార్డు సంస్థలు తమ సొంత నిబంధనలను అల్లుకొన్నాయి. అనేక రకాల తగవులకు గడువు 120 రోజుల దాకా సాగింది. మన దేశంలోని అమ్మకందారులకు ఈ నిబంధనలు వర్తిస్తున్నది పార్లమెంటు వాటిని చర్చించి ఆమోదించినందువల్ల కాదు, ఒప్పందపత్రాల వరుసలో చిట్టచివరి పత్రం మీద ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో వేలు పెట్టినందువల్ల.

రిజర్వు బ్యాంకు చేతులు కట్టుకొని కూర్చున్నదని అనలేము. ఆన్‌లైన్‌లో కార్డు వాడేటప్పుడు కార్డు మీద కనిపించే వివరాలతో పాటు మరొక ధ్రువీకరణ ఉండి తీరాలని 2009 ఆగస్టు 1 నుంచి అమలు చేసింది. నేడు మనకు పరిపాటి అయిన ఓటీపీ పద్ధతి దాని ఫలితమే. అనుమతి లేని లావాదేవీల విషయంలో 2017 జూలై 6న మరొక ఉత్తర్వు జారీ చేసింది. బ్యాంకు తప్పూ, ఖాతాదారు తప్పూ లేకుండా మూడో పక్షం మోసం చేసిన సందర్భంలో, మూడు పనిదినాల లోపల తెలియజేసిన ఖాతాదారుకు ఏ నష్టమూ అంటరాదు. పది పనిదినాల్లో ఆ సొమ్ము అతని ఖాతాలో తాత్కాలికంగా జమ కావాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకు మీదే ఉంటుంది. దేశంలోని కోట్లాది సామాన్య ఖాతాదారులకు ఇది పెద్ద ఊరట అనడంలో సందేహం లేదు.

అయితే తగవులన్నీ ఒక తీరువి కావు. కార్డును మరొకరు దొంగిలించి వాడినది ఒక రకం. సరుకు నిజంగానే అందకపోయినది, లేదా చెడినది రెండో రకం. సరుకు అందుకొని, వాడుకొని, అందలేదని బుకాయించేది మూడో రకం. మొదటి రెండింటిలో కొనుగోలుదారు బాధితుడు. మూడోదానిలో అతడే దోషి. ఈ మూడింటినీ ఒకే కాటాలో తూచడం వల్లనే నిజాయితీగల అమ్మకందారులు నలిగిపోతున్నారు. పైగా దేశీయ కార్డులకు ఉన్న ఓటీపీ రక్షణ విదేశీ కార్డులకు అన్ని సందర్భాలలో ఉండదు. డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారు పండుగకు మంగళగిరి చీరలు, కొండపల్లి బొమ్మలు తెప్పించుకొంటారు. వారిలో అత్యధికులు నిజాయితీపరులే. కాని దొంగిలించిన విదేశీ కార్డుతో వచ్చిన గిరాకీకీ, అసలైన గిరాకీకీ తేడా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవారికి తెలిసే మార్గం ఏది?

వి.పి.పి. నాటి నష్టం, నేటి నష్టం

దూరాన ఉన్నవానికి సరుకు పంపి, ధర కోసం ఎదురుచూడడం మనకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దంలోనే మన తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. పుస్తకాలకూ, ఆయుర్వేద మందులకూ, పంచాంగాలకూ ఉత్తరం రాసి, పోస్ట్‌మాన్ చేతికి సొమ్ము ఇచ్చి పార్సెలు విడిపించుకొన్న తరం ఇంకా మన మధ్య ఉన్నది. పార్సెలు పుచ్చుకోకుండా తిప్పికొట్టిన ఘనులూ ఆనాడు లేకపోలేదు. ప్రచురణకర్త రానూపోనూ తపాలా ఖర్చు భరించి తల పట్టుకొనేవాడు. అయినా పుస్తకం తిరిగి వచ్చేది. చేతికి వచ్చిన సొమ్ము మూడు నెలల తరువాత ఎవరూ వెనక్కి లాక్కొనేవారు కారు. నేటి ‘సరుకు అందాకే సొమ్ము’ పద్ధతిలో తిప్పికొట్టే బాధ అలాగే ఉన్నది. కార్డు చెల్లింపులో దానికి తోడు సరుకూ సొమ్మూ రెండూ పోయే ప్రమాదం చేరింది.

అందుకే చిన్న అమ్మకందారులు తమకు తామే ఒక రక్షణ వ్యవస్థను కట్టుకొంటున్నారు. పెట్టెలో సరుకు సర్దుతున్నప్పుడు ఫోనుతో వీడియో తీస్తున్నారు. కొరియర్ వారి తూకపు రశీదును, అందినట్టు తీసుకొన్న సంతకాన్ని, కొనుగోలుదారుతో జరిగిన సంభాషణను నెలల తరబడి భద్రపరుస్తున్నారు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఉంటేనే ఫిర్యాదు స్వీకరిస్తామని ముందే ప్రకటిస్తున్నారు. బ్యాంకు పద్దులో తెలియని పేరు చూసి కంగారుపడి ఫిర్యాదు చేసేవారు ఉంటారు గనుక, దుకాణం పేరే బిల్లులో కనిపించేటట్టు చూసుకొంటున్నారు. సొమ్ము స్వల్పమైతే తప్పు తమది కాకపోయినా తిరిగి ఇచ్చివేసి, తగవు బ్యాంకు దాకా పోకుండా తుంచివేస్తున్నారు. విదేశీ కార్డు మీద పెద్ద గిరాకీ వస్తే సంతోషించడానికి బదులు అనుమానించి, సరుకు పంపడం నిలిపివేస్తున్నారు. వీటిని వ్యాపారపు మెలకువలని మెచ్చుకోవచ్చు. నిజానికి ఇవి, తగవు వస్తే తమకు న్యాయం జరగదని తెలిసినవారి జాగ్రత్తలు.

ఖాతాకే తాళం

కార్డుల బెడదకు జడిసి యూపీఐకి మళ్లినవారికి మరో ముప్పు ఎదురైంది. 2016లో మొదలైన యూపీఐ ఎంతగా విస్తరించిందంటే, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇందులోనూ తగవులు ఉన్నాయి. ఫిర్యాదుల వెల్లువను అదుపు చేయడానికి జాతీయ చెల్లింపుల సంస్థ 2024 డిసెంబరులో ఒక పరిమితి విధించింది. ఒక ఖాతాదారు 30 రోజుల్లో పది చార్జ్‌బ్యాక్‌లకు, ఒకే వ్యక్తి లేదా సంస్థ మీద అయిదింటికి మించి కోరరాదని దాని తాత్పర్యం. ఆ పరిమితి దాటినా ఫిర్యాదు నిజమని బ్యాంకు భావిస్తే ముందుకు పంపేందుకు 2025 జూలైలో వెసులుబాటు ఇచ్చింది. పదే పదే ఫిర్యాదు చేసేవాడిని ఒక కంట కనిపెట్టవలసిందేనని ఇంత ఆలస్యంగానైనా గుర్తించడం మెచ్చదగినది.

యూపీఐలో అసలు భయం చార్జ్‌బ్యాక్ కాదు, ఖాతా స్తంభన. ఎవరినో మోసగించి సంపాదించిన సొమ్ముతో ఒక దుండగుడు మీ దగ్గర ఒక వస్తువు కొన్నాడనుకోండి. మోసపోయినవారు 1930 నంబరుకు ఫిర్యాదు చేస్తారు. ఆ సొమ్ము ఏ ఏ ఖాతాలగుండా ప్రవహించిందో పోలీసులు ఆరా తీసి, ఆయా బ్యాంకులకు ఉత్తర్వులు పంపుతారు. ఆ వరుసలో మీ ఖాతా కూడా ఉంటుంది. మీ ఖాతాకు వచ్చినది నూరు రూపాయలే కావచ్చు. కాని ఒక్కొక్కసారి ఖాతా మొత్తానికే తాళం పడుతుంది. ఉత్తర్వు పంపినవారు వేరే రాష్ట్రంలోని ఏ పోలీసు స్టేషనులోనో ఉంటారు. మీ బ్యాంకు మేనేజరు తనకేమీ తెలియదంటాడు.

ఇది ఊహాచిత్రం కాదు. ఢిల్లీలో చోలే భటూరే అమ్ముకొనే ఒక చిరువ్యాపారి ఖాతా 105 రూపాయల కోసం స్తంభించిపోయి, విషయం 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఖాతాను తెరవవలసిందిగా, ఆ 105 రూపాయలను మాత్రమే పట్టి ఉంచవలసిందిగా న్యాయస్థానం ఆదేశించింది. ఇటువంటి వ్యవహారాలలో దేశమంతటికీ ఒకే విధానం ఉండవలసిన అవసరాన్ని కూడా ఎత్తిచూపింది. అంతకుముందు 2023లోనే కేరళ హైకోర్టు, పోలీసులు పేర్కొన్న మొత్తానికే స్తంభనను పరిమితం చేయాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షను కూడా, స్వాధీనపరచుకొన్న సంగతిని వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలనే అంటున్నది. నూట అయిదు రూపాయల కోసం హైకోర్టు మెట్లు ఎక్కవలసి రావడమే ఒక తీర్పు. అది ఆ వ్యాపారి మీద తీర్పు కాదు, మన పాలనా యంత్రాంగం మీద తీర్పు.

రెండో వైపు

అమ్మకందారులందరూ గంగిగోవులని వాదించబోవడం లేదు. బొమ్మలో పట్టుచీర చూపించి పెట్టెలో చింకిపాత పంపేవారు ఉన్నారు. సొమ్ము పుచ్చుకొని పేరు మార్చుకొని మాయమయ్యేవారు ఉన్నారు. కొనుగోలుదారుకు రక్షణ కరువైతే ఏమవుతుందో పొరుగున ఉన్న బంగ్లాదేశ్ చూసింది. అక్కడ సగం ధరలకు సరుకులిస్తామని ముందుగా సొమ్ము వసూలు చేసిన ఇవ్యాలీ అనే సంస్థ వ్యవహారం 2021లో బద్దలై, దాని అధిపతులు అరెస్టయ్యారు. ఎందరో కొనుగోలుదారులు సరుకూ రాక, సొమ్మూ రాక రోడ్డున పడ్డారు. అదే ఏడాది జూలైలో ఆ దేశ ప్రభుత్వం, కేంద్ర బ్యాంకు కలిసి, సరుకు అందినాకనే ధర అమ్మకందారుకు చేరాలన్న పద్ధతి తెచ్చాయి. తప్పు చేసినది పెద్ద సంస్థ. దాని పర్యవసానంగా సొమ్ము కోసం వేచి ఉండవలసి వచ్చినవారిలో ఏ తప్పూ చేయని చిన్న వ్యాపారులూ ఉన్నారు. కనుక కొనుగోలుదారు రక్షణను సడలించాలని ఎవరూ కోరరాదు. కోరవలసినది, ఆ రక్షణకయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నదో చూడమని మాత్రమే.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఈ విషయంలో నేటి ఏర్పాట్ల కన్న సమతూకంగా ఉన్నది. సరుకును పరీక్షించుకొనే హక్కు కొనుగోలుదారుకు ఇచ్చింది. సహేతుకమైన కాలం గడిచినా తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సరుకును తన వద్దనే ఉంచుకొంటే, అతడు దాన్ని అంగీకరించినట్టే పరిగణించాలని కూడా చెప్పింది. ఇద్దరికీ హక్కులున్నాయి, ఇద్దరికీ బాధ్యతలున్నాయి. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు కొనుగోలుదారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని విధించాయి. అమ్మకందారు మొరకు అటువంటి గడువు ఏదీ అందులో కనిపించదు.

మరొక సూక్ష్మం శాసనకర్తల దృష్టికి రావలసి ఉన్నది. పాత వినియోగదారుల చట్టంలో, స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీసుకోవడానికి కొన్న వస్తువులనే గాక పొందిన సేవలను కూడా వాణిజ్య ప్రయోజనం కిందికి రానివిగా పరిగణించే వివరణ ఉండేది. 2019 చట్టపు వివరణలో వస్తువుల మాట నిలిచింది, సేవల మాట కనిపించదు. చెల్లింపుల మధ్యవర్తి సంస్థ అందించేది సేవ. ఆ సేవలో లోపం జరిగిందని ఒక నేతగాడు వినియోగదారుల కమిషను తలుపు తడితే, ‘నువ్వు వినియోగదారువే కావు’ అన్న వాదన మొదటి మెట్టులోనే ఎదురుకావచ్చు. కొనుగోలుదారుల మేలు కోరిన చట్టం, బడుగు అమ్మకందారు కూడా మరొకరి సేవకు కొనుగోలుదారేనన్న సంగతి మరచింది.

సైబర్ నేరాల మీద 2023లో నివేదిక సమర్పించిన పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం, మోసపోయిన ఖాతాదారుకు ఆర్థిక సంస్థలే వెంటనే పరిహారం చెల్లించే ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. సదుద్దేశంతో చేసిన సిఫారసే. కాని బ్యాంకు చెల్లించిన ప్రతి పరిహారాన్నీ కింది మెట్టు మీదికి, అక్కడినుంచి ఇంకా కింది మెట్టు మీదికి తోసివేసే మార్గాలు తెరచి ఉన్నంతకాలం, ఆ భారం చివరకు ఎక్కడ దిగుతుందో ఊహించడం కష్టం కాదు. అందరికన్న బలహీనుని భుజాన దిగుతుంది.

కావలసినది కొత్త వరాలు కావు. ఆరోపణ ఏమిటో తెలపకుండా, సంజాయిషీ వినకుండా ఎవరినీ శిక్షించరాదన్నది సహజ న్యాయసూత్రం. నౌకరీలోనుంచి గుమాస్తాను తొలగించాలన్నా మన న్యాయస్థానాలు ఆ సూత్రాన్ని గుర్తు చేస్తాయి. దానినే ఇక్కడా వర్తింపజేయాలి. ఫిర్యాదు ప్రతి, దాని ఆధారాలు అమ్మకందారుకు అందాలి, అదీ అతనికి అర్థమయ్యే భాషలో. జవాబుకు చాలినంత గడువు ఉండాలి. తోసిపుచ్చినప్పుడు కారణం చెప్పాలి. పట్టి ఉంచేది వివాదంలో ఉన్న సొమ్మునే గాని ఖాతాను కాదు. తగవులో అమ్మకందారు నెగ్గితే అతని నుంచి వసూలు చేసిన రుసుము తిరిగి ఇవ్వాలి. తప్పుడు ఫిర్యాదు రుజువైన కొనుగోలుదారుకు కూడా జవాబుదారీ ఉండాలి. చిన్న మొత్తాల తగవులను తక్కువ ఖర్చుతో, ఊరు కదలకుండా వినే స్వతంత్ర వేదిక ఒకటి ఏర్పడాలి. చెల్లింపుల మధ్యవర్తి సంస్థల నియంత్రణకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో మార్గదర్శకాలను, 2025 సెప్టెంబరులో సమగ్ర ఆదేశాలను వెలువరించింది. ఒక్కొక్క సంస్థ వద్దకు ఎన్ని తగవులు వచ్చినవి, ఎన్నింటిలో అమ్మకందారు నెగ్గినది ఏటేటా ప్రకటించాలని ఆ దారిలోనే మరొక అడుగు వేస్తే, చీకటిలో ఉన్నదంతా వెలుగులోకి వస్తుంది.

చేతివృత్తులవారికి దేశమే బజారు అయిందని, దళారీ బెడద తీరిందని ప్రభుత్వం గర్వంగా చెప్పుకొంటున్నది. బజారు విస్తరించిన మాట నిజం. అయితే వెనుకటి సంతలో తగవు వస్తే నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఇరుపక్షాల మాటా విని గాని తీర్పు చెప్పేవారు కారు. దేశమంత సంతను ఏర్పరచినవారు ఆ నలుగురు కూర్చునే అరుగును కట్టడం మరచిపోయారు. వచ్చే సమావేశాలలోనైనా రెండు సభలలోని తెలుగు సభ్యులు ఈ ప్రశ్నను లేవనెత్తుతారా? వారికి ఓట్లు వేసినవారిలో కొన్నవారే కాదు, అమ్మినవారూ ఉన్నారు.